నలభై రెండు ఊళ్ళ దర్జీ

2009 ఏప్రిల్ 5, ఆదివారం

తెలుగులో రాస్తున్నాను కాబట్టి హిందీ బడిలో చదివిన నాగేంద్ర అన్నయ్య చదవలేడు. ఈ డైరీకి వేరే తాళం అక్కర్లేదు.

నాన్న ఇవాళ తేల్చి చెప్పేశాడు. సెప్టెంబర్‌లో విశ్వకర్మ పూజ నాటికి యూనిఫాం పని మళ్ళీ పుంజుకోకపోతే, ఆ రోజే మెషిన్లకి ఆఖరి పూజ చేసి కొట్టు ఖాళీ చేసేస్తాడట. బిలాస్‌పూర్ స్టేషన్ ఎదుట ముప్పై ఒక్కేళ్ళుగా ఉన్న బంగార్రాజు టైలర్స్‌లోకి మొబైల్ రీచార్జ్ వాడు వస్తాడు. అందరూ రెడీమేడ్ కొనేస్తన్నారు, నానేటి సెయ్యను అన్నాడు. రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో పనిచేసే అన్నయ్య, అచ్ఛా, ఉస్లాపూర్‌లో మా ఇంట్లో ఆరామ్‌గా కూర్చోండి అన్నాడు. నాన్న ఆరామ్‌గా కూర్చోవడం నేను పుట్టాక చూడలేదు. భోజనానికి కూర్చున్నా కాలు తొక్కుతూనే ఉంటుంది.

ఆ కొట్లో కాజాలు, బొత్తాలు నా పని. పీజీడీసీఏ అనే కంప్యూటర్ డిప్లొమా చదివింది కూడా నేనే కాబట్టి పోయినేడు వెబ్‌సైట్ పెట్టాను. ఉన్నది ఒకటే పేజీ. రైల్వే యూనిఫాం టైలర్ అని గూగుల్‌లో కొడితే ఆరో పేజీలో వస్తుంది. అంత దూరం వెళ్ళేది నేనొక్కదాన్నే అనుకుంటా.

కొట్టు పోకూడదు. నాకు ఆ నూనె వాసన, ఇస్త్రీ వాసన కావాలి.

ఏప్రిల్ 19

ఇంటర్నెట్లో ఒక ఫోరంలో దొరికింది మంత్రం. పేజీలు ఎన్ని పెంచితే అన్ని దార్లట. ఊరికో పేజీ పెట్టమన్నారు. మా పేజీలో బిలాస్‌పూర్ అన్న చోటల్లా వేరే ఊరు పేరు పడేలా ఫైండ్, రీప్లేస్ కొట్టాను. రాయపూర్, దుర్గ్, గోందియా, కట్నీ, నాగపూర్. రెండు రోజుల్లో నలభై రెండు పేజీలు! ఊపులో రతన్‌పూర్‌కి కూడా చేసేశాను. అక్కడికి బస్సే గాని రైలు లేదని తర్వాత గుర్తొచ్చింది. సరే, ఉండనీ.

మే 11

గోందియా పేరుతో వెతికితే మొదటి పేజీ, రెండో స్థానం!!! అమ్మ చేత సేమ్యా పాయసం చేయించాను. కారణం చెప్తే, గోందియాలో మనకెవులున్నారే అంది.

మే 23

ఫోన్లు వస్తున్నాయి. మనుషులు రావడం లేదు. వస్తామన్నోలు ఒక్కలూ రాలేదేటే అని నాన్న అడిగాడు. ఎండలు తగ్గాక వస్తారన్నాను.

జూన్ 3, బుధవారం

చెమటలు పట్టాయి. ఎండకి కాదు.

పొద్దున పదకొండుకి నాన్నకి ఫోన్. బిసేన్ అనే రైలు గార్డు. నేను స్టేషన్ ఎదుటే ఉన్నాను, మీ దుకాణం ఏదీ అని హిందీలో అడిగాడు. నాన్న గుమ్మంలోకి వెళ్ళి చెయ్యెత్తి ఊపాడు. నీలం బోర్డు, పక్కన టీ బండి, కనబడలేదా అన్నాడు. టీ బండి కనబడింది, బోర్డు లేదన్నాడాయన. ఇంకొంచెం ముందుకి రమ్మన్నాడు నాన్న. మళ్ళీ ఫోన్. కుడివైపు తిరగమన్నాడు. మూడోసారి ఆయన గట్టిగా అరుస్తుంటే ఇస్త్రీ పెట్టె దగ్గరున్న నాకే వినబడింది. గంట నుంచి తిరుగుతున్నాను, గోందియాలో ఇలాంటి దుకాణం ఎవరికీ తెలియదట అన్నాడు.

నాన్న ఫోన్ చేత్తో మూసి నాకేసి చూశాడు. గోందియాలో మనం కొట్టెప్పుడెట్టినామే అన్నాడు.

చెప్పేశాను. చూపించాను కూడా. పేజీలన్నీ చదివి వినిపించమన్నాడు. ‘మా నాన్నగారు గోందియా స్టేషన్ ఎదుట ముప్పై ఒక్కేళ్ళుగా కుడుతున్నారు.’ ‘మా నాన్నగారు కట్నీ స్టేషన్ ఎదుట ముప్పై ఒక్కేళ్ళుగా కుడుతున్నారు.’ ఏడో ఊరి దగ్గర ఆపేశాను. రతన్‌పూర్ దాకా వెళ్ళలేదు, దేవుడి దయ.

జూన్ 4

వాదించాను. అవి తీసేస్తే మళ్ళీ ఆరో పేజీకి పోతాం, సెప్టెంబర్‌లో షట్టర్ దించాల్సిందే, అందరూ ఇలాగే చేస్తున్నారు అన్నాను. లేని కొట్టుని ఉన్నాదని సెప్పి పెద్దమనిషిని ఎండలో తిప్పినాం, అది యాపారం కాదమ్మా, తీసీ అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

నలభై రెండూ తీసేశాను. ఏడ్చాను కూడా.

జూన్ 8

బిసేన్ గారు స్వయంగా వచ్చారు! అసలు కొట్టు ఎక్కడుందో నాన్న ఆ రోజే ఫోన్లో చెప్పాడు. డ్యూటీ మీద వచ్చి, రైలు సిబ్బంది పడుకునే రన్నింగ్ రూమ్‌లో రెస్ట్ తీసుకోవాల్సిన మనిషి, చంకలో తెల్లగుడ్డతో నేరుగా కొట్లోకి వచ్చి పావుగంట తిట్టారు. నాన్న నిలబడే విన్నాడు. తప్పు మాదే అని చెప్పి కుర్చీ వేశాడు. నేను లస్సీ తెచ్చాను, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

చల్లబడ్డాక అసలు సంగతి చెప్పారు. జూలై ముప్పై ఒకటిన రిటైర్మెంట్. రెడీమేడ్ తెల్లచొక్కా వేసుకుంటే ఒక భుజం జారిపోతుందట. ఆఖరి రోజున ఫోటోలో వంకరగా ఉండకూడదని ఆయన కోరిక. ఆయన గోందియా నుంచి వారానికోసారి బిలాస్‌పూర్ వస్తూనే ఉన్నారు. రన్నింగ్ రూమ్ నుంచి మా కొట్టుకి నాలుగడుగులు. ఇక్కడొకటుందని ఎన్నేళ్ళయినా తెలియదు. ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి గోందియాలో వెతికించాను నేను. నా తెలివికి ఏం బహుమతి ఇవ్వాలో.

నాన్న కొలతలు తీస్తుంటే పుస్తకంలో నేను రాశాను. అంకెలయ్యాక పుస్తకం తీసుకుని కింద తనే ఒక వాక్యం రాసుకున్నాడు. ‘గార్డు. జెండా చెయ్యి కుడిది. ఆ భుజం అరంగుళం దిగింది. లోపల పట్టీ వెయ్యాలి.’

చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను ఆ పుస్తకాలు. ఇవాళే కళ్ళు తెరుచుకున్నాయి.

జూన్ 9

బీరువాలో పద్నాలుగు కొలతల పుస్తకాలు. అన్నీ తెలుగే. ఈ వీధిలో అవి చదవగలిగేది నాన్నా, ఆయన దగ్గర అక్షరాలు నేర్చుకున్న నేనూ. కాజాలు మానేసి రోజంతా చదివాను.

‘టీటీ. చార్టు మడత పడకుండా కోటు లోపల పొడుగు జేబు.’

‘డ్రైవరు. ఎక్కడం దిగడం. మోకాలి దగ్గర వదులు.’

‘స్టేషన్ మాస్టరు. కూర్చునే ఉద్యోగం. ఏడాదికో అంగుళం నడుము పెరుగుతుంది. కుట్లలో గుడ్డ వదలాలి.’

‘ఆసుపత్రి నర్సు. వంగి లేపుతుంది. వీపు ఇరుకు పనికిరాదు.’

ఇది ఏ ఫోరంలోనూ లేదు. ఫైండ్, రీప్లేస్ కొడితే రాదు. నవ్వు ఆగలేదు నాకు. నలభై రెండు ఊళ్ళు తిరిగొచ్చాను, బీరువా తలుపు తియ్యకుండా!

జూన్ 21

ఊళ్ళు కాదు, ఉద్యోగాలు. మొదట యూనిఫాం అని ఒక పెద్ద పేజీ. దాని కింద గార్డు, టీటీ, డ్రైవరు, మాస్టరు, నర్సు, ఒక్కొక్కరికి ఒక పేజీ. ఒక్కో పేజీ కింద వాళ్ళు నిజంగా అడిగే ప్రశ్నలు. ఒకదాన్నుంచి ఒకదానికి లింకులు. బిసేన్ గారి పుణ్యమా అని ఇంకో పేజీ కూడా పెట్టాను. రెస్ట్ గంటల్లో కొలతలిచ్చి వెళ్ళండి, తర్వాతి ట్రిప్‌లో తీసుకోండి, రన్నింగ్ రూమ్ నుంచి దారి ఇదీ అని.

నాన్నకి కాగితం మీద గీసి చూపించాను. ఒంటి భాగం ముందు కత్తిరించుకోవాలి, చేతులు తర్వాత, చెయ్యి చంకలో సరిగ్గా కూచోకపోతే కోటు కాదు అన్నాడు. లింకుల గురించి ఫోరంలో పది పేజీలు చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

జూలై 12

పంతొమ్మిది పేజీలు. హిందీలోనూ ఇంగ్లీషులోనూ. నేను తర్జుమా చేస్తుంటే నాన్న పక్కన స్టూలేసుకుని కూర్చుంటున్నాడు. పుస్తకంలో లేనివి కూడా చెప్తున్నాడు. ఒకటే షరతు, ఎవరి పేరూ రాయకూడదు. పేరెడితే ఆయన నడుమెంతో ఊరందరికీ తెలిసిపోద్ది అన్నాడు.

గూగుల్లో ఇంకా నాలుగో పేజీలోనే ఉన్నాం. అయినా ఇంత సుఖంగా ఎప్పుడూ లేను.

జూలై 31

బిసేన్ గారు మనవడి చేత మెయిల్ చేయించారు. ఫోటో. మెడలో బంతిపూల దండ, చేతిలో పచ్చజెండా, రెండు భుజాలూ తక్కెడ పళ్ళేల్లా సమానంగా ఉన్నాయి. నాన్న చాలాసేపు చూశాడు. లోపలికెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు.

ఆగస్టు 18

గార్డు తెల్ల యూనిఫాం అని కొడితే మొదటి పేజీ. మూడో స్థానం. ఈసారి పాయసం చేయించలేదు, తీరిక లేదు. రన్నింగ్ రూమ్ నుంచి ఇవాళ ఐదుగురు. అందులో ఒకాయన మా టీటీ పేజీ ప్రింటు తీసి తెచ్చి, ఇందులో చెప్పిన జేబు కావాలన్నాడు.

సెప్టెంబర్ 6

రీచార్జ్ అతను కొట్టు కొలుచుకోవడానికి టేపుతో వచ్చాడు. నాన్న కాసేపు చూసి, టేపలా పట్టుకోకూడదు బాబూ అని సరిచేశాడు. తర్వాత అదే టేపు చుట్టి అతని చేతికిచ్చి, ఇంకో కొట్టు సూసుకో, ఇది ఖాళీ అవదు అన్నాడు.

నేను కాజా తప్పుగా కోశాను. ఆ చొక్కా నాగేంద్ర అన్నయ్యది కాబట్టి ఫరవాలేదు.

సెప్టెంబర్ 17

విశ్వకర్మ పూజ. మెషిన్లకి పసుపు, కుంకుమ, పూలు. మానిటర్‌కి కూడా నాన్నే బొట్టు పెట్టాడు. అన్నయ్య షెడ్‌లో పూజ అయ్యాక బూందీ పొట్లంతో వచ్చి, అచ్ఛా, అయితే ఆరామ్ లేదన్నమాట అన్నాడు. లేదని నేనే చెప్పాను. ఎన్ని పేజీలయ్యాయే అని నాన్న అడిగాడు. ముప్పై ఒకటన్నాను.

సెప్టెంబర్ 18

కొలతల పుస్తకంలో కొత్త పేజీ. నాన్న చేతిరాత.

‘వెబ్‌సైటు. ముప్పై ఒకటి. ఎదిగే వయసు. కుట్లలో గుడ్డ వదలాలి.’