ఆరు రాళ్ల సంచి

తాండూరు,
12-3-1958

పరిగిలో ఉన్న బావకు దండాలు. ఇక్కడ మీ చెల్లెలు, నేను బాగానే ఉన్నాం.

నేనిచ్చిన సానరాయి మీద నూరితే మీ మంగలికత్తి అంచుకు గంట్లు పడ్డాయని, గడ్డం గీస్తుంటే ఒకాయన చెంప తెగిందని, మీ ఊరి నుంచి ఇక్కడి సంతకు వచ్చిన షబ్బీర్ చెప్పాడు. తప్పు మీ చేతిది కాదు, నాది.

కాగ్నా ఏటిలో రాళ్లు ఏరేటప్పుడు నిమ్మరసం చుక్క వేసి చూస్తాను. నురగ వస్తే అది ఇళ్లలో పరిచే బండ, పారేస్తాను. నురగ రాని వాటిలో ఏది నున్నన, ఏది గరుకు అన్నది మాత్రం తడిపి బొటనవేలితో రుద్దితేనే తెలుస్తుంది. ముప్పై ఏళ్లు రుద్ది రుద్ది ఆ వేలు మొద్దుబారింది. ఏడాదిగా అన్ని రాళ్లూ నాకు ఒక్కతీరుగానే ఉన్నాయి. ఎండలో వంగి ఏరడం కూడా ఇక చేతకావడం లేదు.

మొన్న మీ చెల్లెలు, "జర చూసి ఏరు, మా అన్న పేరు ఖరాబైతది" అన్నది. "చూసే ఏరిన" అన్నాను. వేలి సంగతి ఆమెకు చెప్పలేదు.

షబ్బీర్ చేతికి ఆరు రాళ్లు పంపుతున్నాను. మీ పాత కత్తి పెట్టి చూడండి. మంచివి అదే సంచిలో తిప్పి పంపండి, పనికిరానివి అక్కడే పారేయండి. జవాబు మాత్రం రాయకండి. మీ చెల్లెలు ఎవరితోనైనా చదివించుకుంటుంది.

సంచి ఖాళీగా వస్తే, రాళ్లన్నీ అమ్ముడుపోయాయని ఆమెతో చెప్తాను.