మూసలో మరిచిన రాగి

మాఘ శుద్ధ విదియ, సోమవారం

మళ్లీ కరిగిపోయింది. నాలుగో వెండి పలక. ఇప్పుడు ముడత పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని ఆశపడుతూ ఊదుగొట్టంతో ఒక్క ఊపిరి ఎక్కువ ఊదాను — బొగ్గు మీద ముద్దయి కూర్చుంది. నా నోరే నాకు శత్రువు.

పోయిన నెల పాత పట్టీ ముక్కకు అతుకు వేస్తుంటే మంట ఎక్కువై దాని పైపొర ముడతలు పడింది. పారేయబోతే రాజమణి చేతిలోంచి లాక్కుంది. "ఏందయ్యా గిది, పాల మీద మీగడ లెక్కున్నది! గింత మంచిగున్నదాన్ని పారేస్తున్నవా?" పెళ్లయిన ఇరవై ఏళ్లలో నా పనిని మా ఆవిడ మెచ్చుకున్నది అదే మొదలు. అదీ పొరపాటున అయిన పనిని.

అప్పటి నుంచి ఇదే పిచ్చి.

తదియ, మంగళవారం

ఇవాళ తేలింది. స్వచ్ఛమైన వెండి ముడత పడదు. ఎంత ఊదినా నున్నగానే ఉండి, ఉన్నట్టుండి నీరైపోతుంది. ఆ పట్టీలో రాగి ఉంది, అందుకే పడింది. అంటే రాగి కలపాలి, పదింట ఒక వంతు. దేశాల మధ్య లడాయి మొదలైనప్పటి నుంచి రాగి రేకు పట్నంలోనే దొరకడం లేదు. రాజమణి చిల్లిపడ్డ రాగి చెంబు ఇచ్చింది. సణుగుతూనే ఇచ్చింది.

పంచమి, గురువారం

పడింది! ఎర్రగా కాల్చడం, చింతపండు పులుసులో ముంచడం, తెల్లబడ్డాక మళ్లీ కాల్చడం... ఆరుసార్లు. అప్పుడు ఊదాలి. పైన వెండి పొర నిలుస్తుంది, లోపల కరుగుతుంది, చల్లారేటప్పుడు పొర ముడుచుకుంటుంది. చూసిందే చూస్తూ కూర్చున్నాను. అన్నం చల్లారిపోయిందని తిట్లు.

రేపటి పలక కోసం రాగి తునకలు లోహం కరిగించే మూసలో వేసి, పైన వెలిగారం చల్లి ఉంచాను. పొద్దున్నే కరగబోయొచ్చు.

షష్ఠి, శుక్రవారం

పొద్దున్నే బసమ్మవ్వ వచ్చింది, పప్పుల దుకాణం శివప్ప తల్లి. కళ్లకు పొర కమ్మింది, గోడ పట్టుకుని నడుస్తోంది. మునిమనవడు పుట్టాడట. సోమవారం జంగమయ్య వాడి మెడలో లింగం కడతాడు. ఆ లింగాన్ని పెట్టే వెండి కాయ నేను చెయ్యాలి. చేతి కడియం తీసి ఇచ్చింది.

"నా పెండ్లినాటిది. ఇదొక్కటే మిగిలింది. ఇంకేం కలుపొద్దు తమ్మా."

"నీ ముందటనే కరగబోస్త అవ్వా."

కరగబోశాను కూడా. నేను ఊదుతుంటే మా నాయిన గురించి చెప్పింది. ఆమె మెడలోని లింగకాయ ఆయన చేసిందే. "మీ నాయిన గురిగింజెత్తు రాగి గూడ కలుపలే. ఒట్టు వెట్టి ఇచ్చిండు." పోయి పదేళ్లయినా నాయినకు ఇంత పేరు. ఛాతీ ఉప్పొంగిపోయింది నాకు.

సప్తమి, శనివారం

కాయ తయారైంది. మూత తెరిచి మూసేందుకు బందు అతకడమే మిగిలింది. మంట తగలగానే మూత ముడతలు పడింది. ఇన్నాళ్ల నా పలకల్లో ఒక్కటీ ఇంత అందంగా రాలేదు. నిజం చెప్పాలంటే ముందు సంతోషించాను. తర్వాత ఊదుగొట్టం కింద పెట్టి ఆలోచించాను. అవ్వ వెండి ముడత పడడమేమిటి?

మూస. నా రాగి తునకలు. అవ్వ మాటల్లో పడి మూసలోకి చూడనే లేదు. సాగగొట్టేటప్పుడు కాల్చిన ప్రతిసారీ నల్లబడుతుంటే బొగ్గు పొగ అనుకుని పులుసులో ముంచాను. మొద్దు!

తూచాను. కడియం కన్నా ఇరవై గురిగింజల బరువు ఎక్కువ. వెండి బంగారాల పని చేసే మా అవుసలివాళ్ల చేతిలో గిరాకీ ఇచ్చిన వెండి పెరగడం ఎక్కడైనా విన్నామా?

మళ్లీ కరగబోసినా కలిసిన రాగి ఎక్కడికి పోతుంది...

సాయంత్రం

రాజమణికి చెప్పాను. "అవ్వకు కండ్లు కనవడయి. ముడతలు నేనే కావాలని చేసిన అంట. రాగి సంగతి ఎవలికెర్క?" అన్నాను.

"నీకెర్క గదా" అంది. రొట్టెలు చెయ్యడానికి లోపలికి పోయింది.

అష్టమి, ఆదివారం

వెళ్లాను. అవ్వ ఇంటి గడపలోనే నిలబడి మొత్తం చెప్పేశాను.

శివప్ప లేచాడు. "రాగి గలిపినవా! మా అవ్వ పెండ్లి కడియంల! బజారంత చెప్త. ఒక్కడన్న నీ తానికి వస్తడేమో చూస్త!"

 ఇక మా ఊరు ఖేడ్‌లో నాకు పని లేదనుకున్నాను.

"సాకప్పా, సాకు" అని అవ్వ తన కన్నడంలో చాలు చాలంటూ కొడుకును ఆపింది. మూత తీసుకుని దాని మీద బొటనవేలు తిప్పింది. తిప్పుతూనే ఉంది.

"నా వెండి ఎంతున్నది?"

"అంత ఉన్నదవ్వా. కొంచెం గూడ పోలే."

"మరి ఇంకేంది? కావాలని కలిపెటోడు ఇంటికొచ్చి చెప్తడా?" కొడుకు వైపు తిరిగింది. "రేపు గిదే కట్టుండ్రి. చేతికి తెలుస్తున్నది గిది. నున్నగుంటె ఏది ముందో ఏది ఎనుకో నాకు ఎర్కనే అయితలేదు."

బతికిపోయాను. దారిలో ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా ఏడ్చాను. ఇంటికొచ్చి నాలుగు జొన్నరొట్టెలు తిన్నాను. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా సరిగా దిగలేదు.

నవమి, సోమవారం

కట్టారు. పసివాడు వీధి మొత్తానికి వినపడేలా ఏడ్చాడు. శివప్ప నా మొహం చూడలేదు గానీ ప్రసాదం తెచ్చి చేతిలో పెట్టాడు. చాలు.

దశమి, మంగళవారం

ఆ మూస పగలగొట్టాను. హాయిగా ఉంది.

త్రయోదశి, శుక్రవారం

అవ్వ మళ్లీ వచ్చింది. మెడలో లింగం తెల్లగుడ్డలో మూటకట్టి ఉంది. ఖాళీ కాయ నా చేతిలో పెట్టింది. నాయిన చేసినది. ఎంత నునుపు! ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంది.

"దీని మూత గూడ గట్లనే చెయ్యి తమ్మా. జారుతున్నది."

"ఇది ముడత వడదవ్వా. సాఫ్ వెండి. నాయిన ఒట్టు వెట్టిండంటివి గదా."

"మంటకు పెట్టి సూడు" అంది. నవ్విందో లేదో పోల్చుకోలేకపోయాను.

చతుర్దశి, శనివారం

కుంపటి రాజేసి గంటయింది. మూత ఎదురుగా ఉంది. ఒక్కసారి కాలిస్తే చాలు. నల్లబడితే రాగి ఉన్నట్టే, ముడత కూడా పడుతుంది, అవ్వ సంతోషిస్తుంది, నాయిన ఒట్టే అబద్ధమవుతుంది.

చేసిన పని చెడిపోవాలని మొక్కుకుంటున్న అవుసలివాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను. నేనంటే వెళ్లి చెప్పుకుని బయటపడ్డాను. నాయిన చెప్పుకోవడానికి లేడు.

"ఏం జూస్తున్నవయ్యా, బొగ్గులు ఆరిపోతున్నయి" అంటోంది రాజమణి.

రెండు బొగ్గులు వేశాను. ఈ రాతపుస్తకం మూసేసి ఊదుగొట్టం అందుకోవాలి.