మసక అద్దాల గుమ్మం ముందు నా బూట్లు

ప్రియమైన తమ్ముడు దానియేలుకు,

ప్రభువు నామంలో అన్న దేవసహాయం వందనాలు. నువ్వూ, మరదలు రూతూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని నమ్ముతాను. పెద్దమ్మ మోకాళ్ల వాపు తగ్గిందా? స్కాట్లాండులో నేను క్షేమం. ఆసుపత్రి లాండ్రీలో పని బాగానే ఉంది. వాన మాత్రం మన హనుమాన్ జంక్షన్ ముసురులా మూడు రోజులకు వదిలేది కాదు. నువ్వు పంపిన చింతకాయ పచ్చడి ఇంకా ఉంది. కంగారుపడకు, క్షేమంగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. నేను తాగుడు కొట్టులోకి వెళ్లానని నీకు ఈపాటికి కబురు అంది ఉంటుంది. రత్నం చెప్పి ఉంటాడు. నా పక్కనే దుప్పట్లు మడతపెట్టే గవర్నర్‌పేట రత్నం. వాళ్ల బావ మన ప్రార్థన మందిరానికే వస్తాడు కదా. ఇన్నేళ్లు తాగుడు మీద నిప్పులు చెరిగిన నేనే అక్కడ దొరికానంటే, రేపు నువ్వు లేచి వాక్యం చెబితే ఎవరు వింటారు? అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోయిన నెల ఒక ఆదివారం, పొద్దున నేను వెళ్లే చర్చి అయ్యాక, పై వీధిలో ఇంకో చర్చిలో మూడింటికి ఆరాధన అని విని వెతుక్కుంటూ వెళ్లాను. రాతి గోడ, పువ్వులు చెక్కిన మసక అద్దాలు, లోపల నుంచి పాట. ఇక్కడివాళ్లు బూట్లతోనే ఆరాధనలో కూర్చుంటారు. నాకు మనసొప్పదు. గుమ్మం బయటే విప్పేసి, మేజోళ్లతో లోపలికి వెళ్లి, తల వంచి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి, బలిపీఠం ఉండాల్సిన చోట నల్లటి కొయ్య స్తంభాలు, నిలువుటద్దాలు, వాటి మధ్య వరసగా సీసాలు!

పాట ఆగిపోయింది. తిరిగి వచ్చేద్దును, బయట వడగళ్లు. గల్లాపెట్టె వెనక ముసలాయన ఒక కొయ్య గది చూపించాడు. నలుగురు పట్టే గది, దానికో తలుపు, గ్లాసు అందించడానికి చిన్న కిటికీ. పూర్వం ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా అందులో కూర్చుని తాగేవారట. వాళ్ల తాత కాలం నుంచి ఒక్క మేకు మార్చలేదని గొప్పగా చెప్పాడు. దాచే పని లేకపోతే గదిలో గది ఎందుకు? అద్దాలు మసకగా ఎందుకు? అన్నీ అనుమానంగానే చూశాను. ఆయన టీ ఇస్తే వాసన చూసి మరీ తాగాను. జేబులోని చిన్న బైబిలు తీసి గట్టిగా చదివాను. ఎవరూ నవ్వలేదు. అదీ అనుమానమే.

వాన తగ్గి లేచేసరికి నా బూట్లు కుంపటి పక్కన ఉన్నాయి, తడి పీల్చేలా లోపల పేపరు కుక్కి. ముసలాయన ఎప్పుడు తెచ్చాడో తెలియదు.

మర్నాడు రత్నం పళ్లికిలించి, "ఏం అన్నగారూ, నిన్న ఏ గుళ్లో విడిచారండీ బూట్లు? ఆ మడమ అతుకు నేను గుర్తుపట్టలేననుకున్నారా?" అన్నాడు.

"ఆ వీధిలో నీకేం పనిరా?" అన్నాను.

"బస్సు కోసమండీ," అన్నాడు. అటు బస్సే పోదు.

తమ్ముడూ, ఈ ఉత్తరం ఆదివారం కూడికలో అందరి ముందూ నువ్వే చదువు. రత్నం బావను ముందు వరసలో కూర్చోబెట్టు. ఇంకొక్కటి కూడా రాస్తున్నాను, దాచితే నేనూ మసక అద్దం పెట్టుకున్నట్టే. ఇక్కడ నేను ఆరు నెలలుగా వెళ్తున్న చర్చిలో ఇంతవరకూ ఎవరూ నా పేరు అడగలేదు. ఆ కొట్టులో ముసలాయన అడిగాడు. రెండుసార్లు పలికించుకుని నేర్చుకున్నాడు. అది సాతాను పన్నాగమేమోనని మూడు వారాలుగా మోకరించి అడుగుతున్నాను. జవాబు రాలేదు.

రూతుతో కాస్త కందిపొడి కొట్టించి పంపు. పెద్దమ్మకు నా వందనాలు చెప్పి, నా తల మీద చెయ్యి ఉంచినట్టే తలచి ప్రార్థన చెయ్యమను. సంఘంలో పెద్దలందరికీ పేరుపేరునా వందనాలు.

ముసలాయన నా పేరు అడిగిన చోట గొంతు తగ్గించకు.

మీ ప్రార్థనలే ఆధారంగా ఉన్న
నీ అన్న
దేవసహాయం