పరగడుపు పరిశోధన

విజయవాడ,
12-6-1998

పెద్దనాన్నగారికి హేమ నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, ఎండలే బాగాలేవు.

నా పీజీ చదువులో ఇప్పుడు సొంతంగా ఒక పరిశోధన తలపెట్టాలి. కొన్నాళ్ళుగా స్కానింగ్ గదిలో లైటు తీసేసి కూర్చుని దాని గురించే కలలు కంటున్నాను. ఆ తెర మీద పొట్ట లోపలంతా, తెల్లవారుజామున కొల్లేరు మీద మంచు కమ్మినట్టు బూడిదరంగుగా ఉంటుంది. మధ్యలో పిత్తాశయం నల్లటి చిన్న మడుగు. అందులో రాళ్ళుంటే తెల్లగా మెరుస్తాయి. ఏ బాధా లేదనే మనుషుల్లో ఎంతమందికి ఆ రాళ్ళున్నాయో చూడాలని నా కోరిక.

నెలాఖరులోగా కొద్దిమందిని చూసి ప్లాను రాసిస్తే మా తిరుమల మేడం ఒప్పుకుంటారు. లేకపోతే బీరువాలో ఎవరూ ముట్టని పాత ఎక్స్‌రేలు నా పాలిట పడతాయి. మన దాసరిలంక నుంచి ఏ నలతా లేనివాళ్ళని, ఇష్టపడి వచ్చేవాళ్ళని ఓ పదిమందిని పంపుతారా? పరగడుపున రావాలి. ఏమైనా తింటే పిత్తాశయం ముడుచుకుపోతుంది, ఇక చూడ్డానికి ఏమీ ఉండదు.

మీ హేమ

తా.క. ఈ చివరి మాట పెద్దమ్మకు రెండుసార్లు చదివి వినిపించండి.

దాసరిలంక,
16-6-1998

చిరంజీవి హేమకు పెద్దనాన్న పేరయ్య దీవించి రాసేది.

అమ్మాయ్, నీ ఉత్తరంతో ఊళ్ళో తగువులొచ్చినయ్. నలత లేనివాళ్ళు కావాలన్నావు గదా, నేను పిలవనోళ్ళంతా "మాకేం రోగం?" అని మీదకొచ్చారు. బుల్లెమ్మ పెళ్ళినాటి పట్టుచీర తీసింది. ఫోటో లోపలిదే, పైది కాదని చెప్పినా వినలా. పంతొమ్మిదో తేదీన గంగాధర్ చేపల వ్యానులో అందరినీ పంపుతున్నా. నాకు ఆ రోజు వల వేసే పనుంది, రాలేను.

నిన్న సాయంత్రం పడవలో వెల్లకిలా పడుకుని నీ మడుగు గురించే ఆలోచించా. పైన ఆకాశం, కింద కొల్లేరు, మధ్యన నాలో ఇంకో చిన్న మడుగు. అట్టా ఎంతసేపున్నానో తెలీదు, పడవ తూటికాడల్లోకి కొట్టుకుపోయింది.

ఇట్లు
పేరయ్య

తా.క. మనసులో అనుకున్నవి గూడా ఆ తెర మీద కనబడతయ్యా? అయితే తనకి వాళ్ళావిడ ముందు తియ్యొద్దని గంగాధర్ మనవి.

విజయవాడ,
20-6-1998

పెద్దనాన్నగారికి నమస్కారం.

అందరూ క్షేమంగా వచ్చారు. మా వరండాలో ఇంకా చేపల వాసన వస్తోంది, దానికి నేనేమీ అనడం లేదు. కానీ ఒక్కరి పిత్తాశయమూ సరిగ్గా కనబడలేదు. అన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. ఏం తిన్నారంటే "మెతుకు ముట్టలేదమ్మా" అన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే నేతి అట్లు, కోడిగుడ్ల పొరటు బయటపడ్డాయి. బుల్లెమ్మ పిన్ని మిషను కిందే త్రేన్చింది. మేడం ఆ ఫోటోలు చూసి, "నువ్వు పిలిచింది పరీక్షకా, పెళ్ళికా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది పెద్దనాన్నా.

నెలాఖరు దగ్గర పడింది. ఇరవై ఎనిమిదో తేదీన ఇంకొక్కసారి పంపండి. ఈసారీ ఇలాగే అయితే నా కల పోయి ఆ బీరువా తాళం చేతికొస్తుంది.

మీ హేమ

తా.క. పొట్టకు రాసే జెల్లీ డబ్బా బుల్లెమ్మ పిన్నితో పాటు వ్యానెక్కింది. అది మొహానికి రాసుకునేది కాదని చెప్పండి.

దాసరిలంక,
24-6-1998

చిరంజీవి హేమకు దీవెనలు.

తప్పంతా మీ పెద్దమ్మది. నేను నీ ఉత్తరం రెండుసార్లూ చదివా. విని ఏమందో తెలుసా? "పిల్ల చదువు కోసం బయల్దేరే మనుషుల్ని మన గుమ్మంలోంచి మాడు కడుపుతో పంపితే ఆ చదువు కలిసొస్తదా?" అంది. నీ మేలు కోరే చేసింది, కోప్పడబాక.

ఈసారి పొద్దున్నే పొయ్యి దగ్గర నేనే కాపలా. అయితే మీ పెద్దమ్మ కూడా వ్యానెక్కుతానంటంది. ముందురోజే వండి కారేజీల్లో సర్దుద్దంట, ఫోటోలయ్యాకే మూత తీస్తానని నా మీద ఒట్టేసింది. నా మీద ఒట్టంటే ఆవిడకి లెక్కలేదు గానీ, నీకు కన్నీళ్ళొచ్చినయ్యని చెప్పా, దానికి కరిగింది.

పేరయ్య

తా.క. ఆ జెల్లీ బుల్లెమ్మ మోకాళ్ళకి బ్రహ్మాండంగా పనిచేసిందంట. ఇంకో డబ్బా పంపు.

మళ్ళీ తా.క. పెద్దమ్మ పరగడుపు గురించి బెంగొద్దు. ఆవిడెటూ తినదు. వండి వడ్డించేసరికి ఆకలి చచ్చిపోద్దంట. ఈ మధ్య రోజూ అంతే.

విజయవాడ,
29-6-1998

పెద్దనాన్నగారికి నమస్కారం.

బుల్లెమ్మ పిన్ని వచ్చి ఏం చెప్పిందో తెలియదు. కంగారు పడకండి. పెద్దమ్మ నా దగ్గరే ఉంది.

హనుమాన్ జంక్షన్‌లో వ్యాను టైరు పంక్చరైందట. మనుషుల్ని రోడ్డు మీద ఊరికే నిలబెడితే బాగుండదని పెద్దమ్మ కారేజీలు విప్పిందట. కాబట్టి మళ్ళీ అన్నీ ముడుచుకున్న పిత్తాశయాలే. నేను మిషను కట్టేయబోతుంటే పెద్దమ్మ, "ఇంత దూరం వచ్చి నేను తీయించుకోకపోతే నువ్వు చిన్నబోతావు" అంటూ ఎక్కి పడుకుంది.

పెద్దనాన్నా, నేను ఇన్నాళ్ళూ కలలో చూసిన మడుగు ఆవిడలో కనబడింది. నల్లగా, నిండుగా, నిశ్చలంగా ఉంది. అడుగున రాళ్ళు మెరిశాయి. పక్కకు తిరగమంటే అవి కూడా మెల్లగా దొర్లాయి. అందరి పరగడుపూ చెడగొట్టిన మనిషి ఒక్కతే పరగడుపున వచ్చింది.

తిన్నప్పుడల్లా నొప్పట. అందుకే తినడం మానేసింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "నొప్పంటే నా పులుసు మీద నింద పడదూ?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మీరు కూడా ఆవిణ్ణి కోప్పడకండి.

తిరుమల మేడం ఆ ఫోటోను చాలాసేపు చూశారు. నా కాగితాల్లో "ఏమైనా బాధ ఉందా?" అన్న మొదటి ప్రశ్న కొట్టేసి, "ఏం తినడం మానేశారు?" అని రాయించారు. ఇకపై మనుషులు ఇక్కడికి రారు, మిషనే పడవెక్కి లంకకు వస్తుంది, ఊళ్ళో పొయ్యిలు వెలగకముందే. దీనికి మేడం అనుమతి తెస్తానన్నారు. ప్లాను మీద సంతకం చేశారు.

వచ్చేవారం పెద్దమ్మకు ఆపరేషను. చిన్న గాట్లతో అయిపోతుంది. మీరు రండి.

మీ హేమ

తా.క. ఆ రోజు పెద్దమ్మ పరగడుపున ఉండాలి. దానికి నాకు భయం లేదు. తనకు కత్తి పెట్టబోయే డాక్టరుగారు ఏమైనా తిన్నారో లేదోనని ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది. ఆయన తిన్నానని ఒప్పుకుంటే గానీ థియేటర్‌లోకి రాదట.