మోసేటోళ్లు వచ్చిన్రు

మేరీ నాయినా,

నువ్వు పోయినంక ఇయ్యాలనే మొదటి ఆదివారం.

స్లాబ్ మీదికెల్లి పడి నీ కాళ్లు పోయినప్పటి సంది, నీతోని పనిచేసిన యాదగిరి, బాలయ్య ప్రతి ఆదివారం నిన్ను కుర్చీతోని ఎత్తుకొని మన అశోక్‌నగర్ బస్తీ నుంచి నారాయణగూడ చర్చికి తీసుకపోతుండిరి. నిన్ను లోపల దించి, ఏసును నమ్మనోళ్లు గనుక వాళ్లు మాత్రం బయట గోడ పక్కన బీడీలు తాగుకుంట కూసునేటోళ్లు. చిక్కడపల్లి చౌరస్తాల అందరు చూస్తుంటె నువ్వు తల వంచుకునేటోనివి. "దేవుడు నన్నెందుకు బతికిచ్చిండే? మందికి బరువు కానీకా?" అని ఇంటికొచ్చి, పెండ్లాన్ని గదా, నా మీద ఎగిరేటోనివి. నాకేం ఎరుక, ఆయన్నే అడుగు అంటుంటి.

ఇయ్యాల పొద్దుగాల ఇద్దరు తలకు నూనె రాసుకొని, ఎప్పటిలెక్కనే వాకిట్ల నిలబడ్డరు.

"ఇంకెవర్ని మోస్తరు అన్నా?" అని అడిగిన.

బాలయ్య నేల చూసిండు. "ఆయన లేకుంటె మేం రావొద్దా వదినా? లోపల యాడ కూసోవాల్నో జర చెప్పు" అన్నడు యాదగిరి.

నువ్వు ఇన్నేండ్లు అడిగినదానికి జవాబు మన వాకిట్లకే వచ్చి నిలబడ్డది. విననీకి నువ్వు లేవు.

బయలెల్లేటప్పుడు అలవాటుకొద్ది ఇద్దరు వంగి, చెరో పక్క నీ కుర్చీ పట్టిన్రు. ఎప్పటి బలమే పెట్టిన్రు. అది ఒక్కసారే ఛాతీ దాకా లేచింది. కింద పెట్టనీకి ఇద్దరికీ చేతులు రాలె. అట్లనే నారాయణగూడ దాకా మోసిన్రు.

నేను ఎనక నడిచిన, నువ్వు అండ్ల కూసున్నప్పటి లెక్కనే మెల్లగ.