జీడితోటలో పికొలో

చి. అనుపమకు అమ్మమ్మ ఆశీస్సులు. ఎలుగుబంట్లతో సహా ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు మరిచిపోయిన పికొలో ఊరు వదలడం లేదు. ఎలుగులు బెదరాలని జీడిపిక్కలేరేవాళ్లు డబ్బాలు కొట్టుకుంటూ తోటకెళ్తారు కదా, మీ తాతయ్య దీన్ని ఊదుకుంటూ వెళ్లారు. జానెడు పిల్లనగ్రోవి బ్యాండంతటినీ మించి వినబడుతుందని నువ్వంటే నేను నమ్మలేదు. ఎలుగులు నమ్మాయి.

శనివారం నీ పోటీ అని ఆయన చేతిలోంచి నేను లాక్కుంటే పొరుగింటి గౌరమ్మ అడ్డుపడింది. "అది పంపించేత్తే మాకేటి దిక్కమ్మా?"

"ఈవిడుంది కదే, ఆ గొంతు సాలదేటి?" అన్నారు మీ తాతయ్య. ఊళ్లో ఇప్పుడు నా పేరే పికొలో.

శుక్రవారం పలాస బస్సులో పంపుతున్నాను, డ్రైవరు దగ్గర తీసుకో. మర్నాటి నుంచి తోటకు ముందు నడిచేది నేనే. మీ అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బాగా ఊదు. గెలిచినా ఓడినా నాకు గొంతు బిళ్లలు నాలుగు పట్టీలు పంపు.

అమ్మమ్మ