ఈడ పిల్ల ఇల్లు

వనపర్తి జిల్లా పెద్దమందడి నివాసి, కీర్తిశేషులు జగదీశ్ భార్య, మణెమ్మ బిడ్డ, కుట్టుపని చేసే యమున అను నేను, వయస్సు ముప్పై తొమ్మిది, నిండు తెలివితో, ఎవరి బలవంతమూ లేక రాయించిన వీలునామా. గర్భసంచి క్యాన్సరు నా ఒళ్ళు తిన్నది గని తెలివి తినలే. రాసెటాయన సొంత ముచ్చట్లు వద్దన్నడు. చచ్చేది నేను, జర నేను చెప్పినట్టే రాయమన్న.

1. నా భర్త పోయినప్పుడు మా అత్త భాగ్యమ్మ, కన్నతల్లి గనుక, ఆయన ఆస్తిల వాటా తీసుకున్నది. న్యాయమే. నాకు పిల్లల్లేరు. వీలునామా లేకుండ నేను పోతె నా రెక్కల కష్టం గూడ భర్త వారసులకే, అంటే మళ్ళ ఆమెకే పోతదని వకీలు చెప్పిండు. దినాలు అయిన తెల్లారే నన్ను కోడేరుల అత్తగారింటి గడప దాటిచ్చిన మనిషికి! మొగోడు చస్తె తల్లి మొదటి వరుసల ఉంటదంట. ఆడది చస్తె తల్లి అత్తగారోళ్ళ ఎన్క నిలబడాల్నంట. నా పక్క మిషను మీద కుట్టే సరిత చర్చికి పోతది, వాళ్ళ చట్టంల గిట్ల లేదంట. ఏ తల్లయినా నవమాసాలు మోసిందే గదా, గీ తేడా ఏంది?

2. కాబట్టి నా స్వార్జితమైన పెద్దమందడి రెండర్రల ఇల్లు, పెరడుతో సహా, మా అమ్మ మణెమ్మకు సర్వహక్కులతో చెందవలెను. అత్తగారి తరపు వారికి ఎట్టి హక్కూ లేదు. ఇప్పుడు మా అమ్మ నాతోని అండ్లనే ఉంటున్నది, ఆ ఇల్లు పోతె రోడ్డు మీద పడ్తది.

3. కుట్టుమిషను సరితకు. నూనె పోస్తుండాలె, లేకుంటె మొండికేస్తది. ఈ వీలునామా అమలు బాధ్యత గూడ ఆమెదే.

4. అత్తకు మా లగ్గం ఫోటో. అండ్ల నీ కొడుకు నవ్వుతుండు. నీ మీద కోపం పోలే, పోదు గూడ. కని పోగొట్టుకున్నదానివని ఇస్తున్న.

5. అమ్మా, వాళ్ళు ఎల్లగొట్టిన నాడు తెలకపల్లిల నీ కిరాయి ఇంటి ముందు నిలబడితె, ఆడపిల్ల అంటే "ఆడ" పిల్లనే బిడ్డా, ఈడ పిల్ల గాదు అని తలుపు సగం మూసినవ్. తెల్లారి నువ్వే బస్టాండుకొచ్చి, ఏడ్సుకుంట నా సంచి ఎత్తుకున్నవ్. అయినా ఆ మాట నేను మర్వలే. ఇప్పుడు చట్టం గూడ గదే అంటున్నది.

6. నా పీనుగును కోడేరుకు పంపొద్దు. పెట్టెల ఆకుపచ్చ గద్వాల చీర ఉన్నది. మొగుడు పోయినదానికి గిదెందుకని నలుగురు అంటరని ఒక్కనాడు కట్టలే. అమ్మా, పుట్టింటి చీరగ నువ్వు అదే కప్పు. కప్పేటప్పుడు ఆ నలుగురికీ ఇనబడేటట్టు, ఒక్కసారి అనమ్మా, ఇది ఈడ పిల్లనే అని.

చదివించుకొని, ఒప్పుకొని, సాక్షుల ముందర చేసిన సంతకం.

తేది: 14 నవంబరు 2025, పెద్దమందడి

(సం.) యమున, మణెమ్మ బిడ్డ

సాక్షులు: ఆశీర్వాదం, చిన్నమ్మ